ఛత్రపురం దాకా కాలినడకన వచ్చిన పాట: ఆదిభట్ల నారాయణదాసు గారు

కొడలలో పాతకాలం తెలుగు కుటుంబాల పెద్దలకు హరికథ అంటే ఏమిటో చెప్పనక్కర లేదు. శ్రీరామనవమి పందిట్లో చాప పరచుకుని కూర్చుని, కథ సగంలో అమ్మ ఒళ్ళో నిద్రపోయి, మంగళహారతి వేళకు లేచిన వాళ్ళమే మనమంతా. పిల్లల సంగతి వేరు. మొన్న మా సంఘంలో ఎనిమిదో తరగతి చదివే పిల్లల్ని అడిగితే ఒకడు హరికథ అంటే సినిమా పేరన్నాడు, ఇంకొకతి మన దాసకాఠియా లాంటిదా అంది. రెండో జవాబు మాకు నచ్చింది. ఎందుకో ముందు ముందు చెబుతాము.

తెలుగులో హరికథకు ఈ రూపం ఇచ్చినది ఒక్క మనిషి. ఆయన అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారు. హరికథా పితామహుడు అన్న బిరుదు అందరికీ తెలుసు కాని, ఆయన మొదట గొప్ప శాస్త్రీయ గాయకుడన్న సంగతి చాలామంది మరచిపోయారు. ఇంకొక సంగతి మన గంజాం వాళ్ళకే ముఖ్యం. ఇరవై ఏళ్ళ వయసులో, ఇంకా పేరు రాని రోజుల్లో, ఆయన విజయనగరం వదిలి ఉత్తరంగా బయలుదేరి నరసన్నపేట మీదుగా మన బరంపురం, ఛత్రపురం వచ్చి కథలు చెప్పారు. అప్పటికి ఈ దారిన రైలు లేదు. తూర్పు తీరం రైలు పడింది 1890లలో. అంతకు ముందు మనిషి కదలాలంటే ఎడ్లబండి, పడవ, లేకపోతే కాళ్ళు. ఛత్రపురం ఇప్పటికీ మన జిల్లా కేంద్రమే, కలెక్టరు కచేరీ పనిమీద అక్కడికి వెళ్ళని ఇల్లు కొడలలో ఉండదు. అప్పటి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా. కచేరీలో గుమాస్తాలు, శిరస్తదారులు, వకీళ్ళు చాలావరకు తెలుగువాళ్ళు. సాయంకాలం కచేరీ మూసిన తరువాత పాట వినడానికి, పద్యం వినడానికి తీరిక, మోజు రెండూ ఉన్నవాళ్ళు. కొత్త గాయకుడికి మొదటి దక్షిణ దొరికేది అలాంటి చోటే. దాసుగారిని మోసిన తొలి మెట్లలో మన ఊళ్ళ మెట్లు కూడా ఉన్నాయని మేము ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాము.

అజ్జాడ కుర్రవాడు

ఆయన 1864 ఆగస్టు 31న బొబ్బిలి దగ్గర అజ్జాడ అనే పల్లెలో పుట్టారు. తండ్రి వేంకటచయనులు, తల్లి లక్ష్మీనరసమ్మ. పెట్టిన పేరు సూర్యనారాయణ. నారాయణదాసు అన్నది తరువాత వచ్చి చేరిన పేరు. ఇంట్లో డబ్బు లేదు కాని పద్యం ఉంది. తల్లి పాడుతుంటే వింటూనే భాగవత పద్యాలు నోటికి వచ్చేశాయట. అయిదేళ్ళప్పుడు పుస్తకాల కొట్టు ముందు నిలబడి భాగవతం కావాలని పేచీ పెట్టాడనీ, కొట్టువాడు నవ్వి 'చదవగలవా' అంటే గజేంద్రమోక్షం పద్యాలు గడగడా అప్పజెప్పేస్తే ఆ పుస్తకం ఊరికే ఇచ్చేశాడనీ ఉత్తరాంధ్రలో చెప్పుకుంటారు. కథ కొంచెం పెరిగి ఉండవచ్చు. కాని గజేంద్రమోక్షం ఆయన జీవితమంతా వెంట వచ్చింది, ఆ పేరుతో హరికథే రాశారు.

పిల్లవాడి గొంతు విని బొబ్బిలి తీసుకువెళ్ళి సంగీతం మొదలుపెట్టించినది వాసా సాంబయ్య గారు. బొబ్బిలి ఆస్థానం వీణ విద్వాంసులు, వాళ్ళ ఇంటి పేరే వీణకు మారుపేరు. అక్కడ పడిన పునాది కొద్దికాలమే అయినా గట్టిది. ఆ తరువాత చదువు కోసం విజయనగరం. ఇంగ్లీషు బడిలో చేరి 1886లో మెట్రిక్యులేషన్ పూర్తి చేశారు. అంటే కథలు చెప్పడం మొదలుపెట్టిన తరువాత పరీక్ష ప్యాసయ్యారన్నమాట. మన ఇళ్ళలో పిల్లలు పాట నేర్చుకుంటామంటే చదువు పాడైపోతుందని ఆపేస్తున్నాం కదా, అందుకే ఈ వరస చెబుతున్నాము.

విజయనగరం అప్పుడు మామూలు ఊరు కాదు. పూసపాటి ఆనందగజపతి రాజు గారి కాలం. ఒక పక్క గురజాడ అప్పారావు గారు, ఇంకొక పక్క సంస్కృత పండితులు, హిందూస్తానీ ఉస్తాదులు, వైణికులు. దాసుగారి కంటే గురజాడ గారు రెండేళ్ళు పెద్ద. కన్యాశుల్కం మొదట ఆడినది 1892లో ఆ ఊళ్ళోనే. మన పర్లాకిమిడిలో, అదీ అప్పుడు గంజాం జిల్లాయే, గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా ఉన్నారు. ముగ్గురూ ఒకే తరం, ముగ్గురూ తెలుగును మూడు వైపులకు లాగినవాళ్ళు. పటం మీద చూస్తే అంతా మన పెరడు లాంటి చోటు.

ఒక్క రాత్రి విన్న కథ

1883లో మద్రాసు వైపు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడు గారనే భాగవతారు విజయనగరంలో హరికథ చెప్పారు. పంతొమ్మిదేళ్ళ నారాయణదాసు విన్నారు. ఇది నేను చెప్పగలను, ఇంతకన్నా బాగా చెప్పగలను అనుకున్నారు. అనుకుని ఊరుకోలేదు. ధ్రువచరిత్ర రాసుకుని, వేణుగోపాలస్వామి కోవెలలో మొదటి కథ చెప్పారు. అన్నగారు పేరన్న వెనక పాట పాడేవారు.

ఇక్కడ ఒక విషయం విడమరచి చెప్పాలి. హరికథను దాసుగారు కనిపెట్టలేదు. దాని తాత మరాఠీ కీర్తన. తంజావూరును మరాఠా రాజులు ఏలిన కాలంలో ఆ కీర్తన తమిళదేశానికి వచ్చింది, అక్కడ కర్ణాటక సంగీతం కలిసింది. తంజావూరు కృష్ణ భాగవతారు దానికి ఒక పద్ధతి ఏర్పరచారు. ఆ వరసలోనే అది మద్రాసుకు, మద్రాసు నుంచి మన వైపు కూడా వచ్చింది. అలా వచ్చిన కథల్లో ఎక్కడెక్కడివో పాటలు, శ్లోకాలు, అభంగాలు ఏరి తెచ్చి కలిపి చెప్పేవారు.

దాసుగారు చేసిన పని వేరు. కథ అంతా తనే రాశారు, వరసలు తనే కట్టారు. తెలుగువాళ్ళకు ముందే ఉన్న యక్షగానం చట్రం తీసుకున్నారు. అందులో దరువులున్నాయి, ద్విపద ఉంది, పద్యం ఉంది, వచనం ఉంది. నలుగురైదుగురు వేషగాళ్ళు ఆడేదానిని ఒక్కడి మీద పెట్టారు. ఆ ఒక్కడే యముడు, ఆ ఒక్కడే సావిత్రి. కాలికి గజ్జెలు, చేతిలో చిరతలు, మెడలో పూలదండ, కాసెకట్టిన పట్టుపంచె, నడుముకు గుడ్డ. పాడాలి, ఆడాలి, నవ్వించాలి, మధ్యలో పిట్టకథ చెప్పి అసలు కథకు జారిపోకుండా తిరిగి రావాలి. మైకు లేని రోజుల్లో వేలమందికి వినబడాలి. దాసుగారిది సింహం గొంతు అని విన్నవాళ్ళు రాశారు. విగ్రహం కూడా గొంతుకు తగినదే.

అన్నిటికంటే ముఖ్యం, దానిలోని సంగీతం తేలిక పడలేదు. జనం కోసం చెప్పే కథ కదా, రెండు మూడు పరిచయమైన రాగాలతో సరిపెట్టేద్దాం అనుకోలేదు. కచేరీలో విద్వాంసుడు పాడవలసిన రాగాలు, తాళాలు తీసుకువచ్చి పల్లెటూరి పందిట్లో పెట్టారు. రాగం పేరు తెలియని రైతు కూడా ఆ రాగం విన్నాడు. దశవిధరాగ నవతికుసుమమంజరి అని ఒక రచన చేశారు, తొంభై రాగాలు ఒకే దండలో గుచ్చినది. మన దగ్గర శాస్త్రీయ సంగీతానికి టికెట్టు పెట్టి, ఏసీ హాలు పెట్టి, అయినా జనం రావడం లేదని బాధపడుతున్నాం. ఆయన పద్ధతి దానికి తలకిందులు. పాటను జనం ఉన్నచోటికి తీసుకుపోయారు, పాట స్థాయి తగ్గించలేదు. మార్గదర్శకుడు అన్న మాటకు ఇంతకంటే అర్థం మాకు తెలియదు.

ఇప్పుడు ఆ పిల్ల చెప్పిన దాసకాఠియా సంగతి. మన గంజాం సొంత కళ అది. ఇద్దరుంటారు, గాయకుడు ఒకడు, పాలియా ఒకడు. చేతిలో రెండు కొయ్య ముక్కలు, అదే కాఠి. మన చిరతలకు అది అక్కగారో చెల్లెలుగారో. రాముడి కథ, కృష్ణుడి కథ, మధ్యలో హాస్యం, ఊరి సంగతుల మీద చురకలు. పాలాలో అయితే అయిదారుగురుంటారు, గాయకుడి చేతిలో చామరం ఉంటుంది. మన ప్రహ్లాద నాటకం చూడండి, జలంతర రాజాగారు రామకృష్ణ ఛోటరాయ గారి పేరు మీద ఉన్న ఆ నాటకంలో పాటల బరువు చూస్తే యక్షగానం తెలిసినవాడికి చుట్టరికం కనబడుతుంది. కవిసూర్య బలదేవ రథ గారు పుట్టి పాడిన జిల్లా ఇది. అందువల్ల దాసుగారు బరంపురం వచ్చినప్పుడు పాటతో కథ వినడం తెలియని జనం దగ్గరికి రాలేదు. చెవి తయారుగా ఉన్న దేశానికి వచ్చారు. ఒడియా పొరుగువాళ్ళు కూడా విని ఉంటారనే మా నమ్మకం, హరి కథకు భాష ఎంత అడ్డు వస్తుంది!

అయిదు తాళాల లెక్క

దాసుగారికి లయబ్రహ్మ అనీ, పంచముఖీ పరమేశ్వరుడు అనీ పేర్లు. ఆ రెండో పేరు ఎందుకు వచ్చిందో పిల్లలకు చెప్పాలి. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఈ అయిదింటితో అయిదు వేరు వేరు తాళాలు ఒకేసారి వేసేవారు. వేస్తూ పల్లవి పాడేవారు.

సంగీతం రానివాళ్ళు కూడా ఇంట్లో ప్రయత్నించి చూడవచ్చు. కుడి చేత్తో మూడు దెబ్బల వరస, ఎడమ చేత్తో నాలుగు దెబ్బల వరస ఒకే వేగంతో మొదలుపెట్టండి. ప్రతి వరసలో మొదటి దెబ్బ గట్టిగా వేయాలి. పన్నెండు దెబ్బలకు గాని రెండు గట్టి దెబ్బలు కలవవు. చాలామందికి ఆరో దెబ్బకే చేతులు ఒకదాని వెంట ఒకటి పడిపోతాయి. మన సంగీతంలో లయకు అయిదు జాతులు: తిశ్రం మూడు, చతురశ్రం నాలుగు, ఖండం అయిదు, మిశ్రం ఏడు, సంకీర్ణం తొమ్మిది. ఈ అయిదూ ఒక్కసారి మొదలైతే మళ్ళీ అన్నీ ఒకచోట కలిసేది 1260వ అక్షరం తరువాత. గుమాస్తాగిరీలో జీవితమంతా కూడికలు వేసిన మాకు, ఆ లెక్క కాగితం మీద చేయడానికే రెండుసార్లు చూసుకోవలసి వచ్చింది. ఒక మనిషి దాన్ని ఒంట్లో పెట్టుకుని, పైగా నోటితో పాట పాడుతూ, సభలో ఎవరో కోరిన చోటికి ముక్తాయింపు తీసుకురావడం అంటే ఏమిటో ఊహించుకోండి.

ఇంతటితో ఆగలేదు. దాన్ని అష్టావధానంతో కలిపారు. తాళాలు నడుస్తుండగా ఒకరు లెక్క ఇస్తారు, ఒకరు అక్షరాలు చెల్లాచెదురుగా ఇచ్చి పద్యం కట్టమంటారు, ఒకరు గంటలు కొడతారు, అవి లెక్క తప్పకూడదు. సాహిత్య అవధానులు చాలామంది ఉన్నారు, సంగీత అవధానం ఈ స్థాయిలో చేసినవాళ్ళు వేళ్ళ మీద కూడా లేరు. కొందరు పండితులు దీన్ని గారడీ అన్నారని కూడా విన్నాము. మాకు అలా అనిపించదు. గారడీ అయితే ఆ ఒక్కటే చేసి తిరిగేవారు. ఆయన దాన్ని చేసి చూపించి మళ్ళీ కథకు వచ్చేసేవారు.

మైసూరు మహారాజా చామరాజ ఒడయారు గారు దాసుగారి గానం విని సన్మానించారు. అప్పుడే కొత్తగా వచ్చిన ఫోనోగ్రాఫు యంత్రంలో ఆయన గొంతు పట్టించారని కూడా జీవితచరిత్రల్లో ఉంది. మైసూరులో పేరు వచ్చాక విజయనగరంలో గౌరవం పెరిగింది. పక్కింటి విద్వాంసుడికి పై ఊరు సర్టిఫికెట్టు కావాలి, అది ఆ రోజుల్లోనూ అంతే. ఆనందగజపతి రాజు గారు ఆయనను సంస్థానం విద్వాంసుడిని చేశారు.

పాటగాడి బల్ల మీది పుస్తకాలు

హరికథలు ఆయన ఎక్కువగా తెలుగులో రాశారు. సావిత్రి చరిత్ర, అంబరీష చరిత్ర, ప్రహ్లాద చరిత్ర, రుక్మిణీ కల్యాణం, భీష్మ చరిత్ర, జానకీ శపథం, యథార్థ రామాయణం, ఇలా. సంస్కృతంలోనూ రాశారు. గౌరప్ప పెండ్లి మాత్రం అచ్చతెలుగులో, అంటే ఒక్క సంస్కృతం మాట లేకుండా.

అచ్చతెలుగు ఆయనకు పెద్ద పిచ్చి. లలితా సహస్రనామాలను తల్లి విన్కి అనే పేరుతో అచ్చతెలుగులోకి దింపారు. ఈసపు కథలను నూరుగంటి అని రాశారు. సీమపల్కు వహి అని అచ్చతెలుగు నిఘంటువు కూర్చారు. ఉమర్ ఖయ్యాం రుబాయీల కోసం పారసీ నేర్చుకుని మూలం నుంచి సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి రెండింటిలోకీ అనువదించారు, అది 1932లో అచ్చయింది. ఫిట్జెరాల్డు ఇంగ్లీషు అనువాదం మూలానికి ఎంత దూరం పోయిందో చూపించడం కూడా ఆయన ఉద్దేశాల్లో ఒకటి. షేక్స్పియరును, కాళిదాసును పక్కపక్కన పెట్టి నవరసతరంగిణి రాశారు. కాలికి గజ్జె కట్టిన మనిషి చేసిన పనులివి.

ఇక్కడ మా అభిప్రాయం కూడా చెప్పేస్తాము. దాసుగారి అచ్చతెలుగు చదవడం కష్టం. ఒక పేజీ దాటడానికి మాకు నిఘంటువు కావలసి వచ్చింది. రోజువారీ తెలుగుకు గిడుగు వారి దారే దారి, జనం మాట్లాడేదే రాయాలి. కాని మనలాంటి వాళ్ళకు ఆయన పట్టుదలలో ఒక పాఠం దొరుకుతుంది. మన ఇళ్ళలో ఒక వాక్యంలో నాలుగు మాటలుంటే రెండు ఒడియా, ఒకటి ఇంగ్లీషు, క్రియ ఒక్కటే తెలుగు. అది తప్పని మేము అనము, నాలుగైదు తరాలుగా ఇక్కడే బతికిన వాళ్ళ భాష ఇలాగే ఉంటుంది. కాని ఆ రెండు మాటలకు తెలుగు మాట ఉందని తెలిసి వాడకపోవడం వేరు, అసలు తెలియకపోవడం వేరు.

తన గురించి నా యెరుక అనే పేరుతో రాసుకున్నారు. జీవితం మొత్తం అందులో లేదు, తొలి ముప్ఫై చిల్లర ఏళ్ళ దగ్గరే ఆగిపోతుంది. కాని మనకు కావలసినది అక్కడే ఉంది: ఊరూరా తిరిగిన రోజులు, తన గొప్పలు, తన తప్పులు, ఏదీ దాచకుండా. పెద్దవాళ్ళు రాసుకునే ఆత్మకథల్లో అంత మొహమాటం లేని పుస్తకం తక్కువ. పిల్లలకు ఇచ్చే ముందు మాత్రం ఒకసారి మీరు చదవండి.

కళాశాల

1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల పెట్టారు. పెట్టినవారు పూసపాటి విజయరామ గజపతి రాజు గారు. దివాణంలో ఉద్యోగి ఒకరికి చూపు లేని కొడుకు ఉండేవాడనీ, ఆ పిల్లవాడు సంగీతం నేర్చుకోవడానికి చోటు కావాలని అడిగితే రాజుగారు ఒక్కడికి గురువును పెట్టే బదులు అందరికీ బడి పెట్టారనీ చెబుతారు. తెలుగునేల మీద సంగీతానికి అలాంటి కళాశాల అదే మొదటిది. అప్పటివరకు సంగీతం నేర్వాలంటే గురువు ఇంట్లో ఉండి నీళ్ళు తోడి, పశువులు కాసి, ఆయనకు మనసైన రోజున ఒక కీర్తన నేర్చుకోవాలి. లేకపోతే తంజావూరు వెళ్ళిపోవాలి. జీతం ఇచ్చి గురువులను పెట్టి, తరగతులు పెట్టి, పాఠ్యక్రమం పెట్టి నేర్పడం కొత్త. దాని మొదటి ప్రిన్సిపాలు నారాయణదాసు గారు.

వీణకు వాసా వెంకటరావు గారు. వయొలిన్‌కు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ద్వారం వారి కథ అందరికీ తెలిసినదే అయినా మళ్ళీ చెప్పుకోదగినది. ఇరవై ఆరేళ్ళ వయసులో ఆయన కళాశాలలో విద్యార్థిగా చేరదామని వచ్చారు. దాసుగారు వాయించమన్నారు. విన్నాక విద్యార్థిగా కాదు, ఆచార్యుడిగా చేర్చుకున్నారు. డిగ్రీ ఏది, అనుభవం ఏది, ఏ కాగితాలు తెచ్చావు అని అడగలేదు. ఆఫీసుల్లో ఫైళ్ళు నడిపిన మాకు ఈ కథ విన్నప్పుడల్లా ముచ్చటేస్తుంది. ఇవాళ అయితే దరఖాస్తు మొదటి బల్ల దగ్గరే తిరిగి వచ్చేది.

రవీంద్రనాథ ఠాగూరు గారు విజయనగరంలో దాసుగారి బేహాగ్ రాగం విని మెచ్చుకున్నారనీ, కళాశాల పాఠ్యక్రమం శాంతినికేతనానికి అడిగి తెప్పించుకున్నారనీ ఆ ఊళ్ళో గర్వంగా చెబుతారు. బేహాగ్ హిందూస్తానీ రాగం. విజయనగరం ఆస్థానంలో ఉత్తరాది సంగీతం బాగా వినబడేది, దాసుగారికి దక్షిణాది, ఉత్తరాది అన్న అడ్డుగోడ లేదు.

1936 దాకా ఆయన ప్రిన్సిపాలుగా ఉన్నారు, ఆ తరువాత ద్వారం వారు వచ్చారు. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు మధూకరం ఎత్తుకుని, అంటే జోలె పట్టి ఇంటింటా అన్నం అడిగి తిని, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర చదువుకున్నది ఆ ఊళ్ళోనే, ఆ కళాశాలలోనే. ఘంటసాల పాట విని దాసుగారు తంబురా బహూకరించారని చెబుతారు. పి. సుశీల గారు కూడా ఆ కళాశాలలోనే చదివారు. మన ఇళ్ళలో పొద్దున్నే మోగే భక్తిపాటల వెనక ఆ అజ్జాడ మనిషి నీడ ఉంది, మనకు తెలియకపోయినా. కళాశాల ఇప్పటికీ నడుస్తోంది, 2019కి వందేళ్ళు నిండాయి.

1936 మనకు ఇంకొక కారణంగా గుర్తుండే ఏడు. ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయింది. బరంపురం, ఛత్రపురం, కొడల, పర్లాకిమిడి ఇటు వచ్చాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం అటు మద్రాసులోనే ఉండిపోయాయి. దాసుగారు యాభై ఏళ్ళ కిందట ఒకే జిల్లాలో నడిచిన దారి మధ్య గీత పడింది. గీత వల్ల మన బతుకు చెడిపోలేదు. ఈ నేల మనకు ఉద్యోగం ఇచ్చింది, వ్యాపారం ఇచ్చింది, ఒడియావాళ్ళు మనల్ని పరాయిగా చూడలేదు. కాని పాట నడిచే దారి కొంచెం కొంచెంగా మూసుకుపోయింది. అంతకు ముందు సంగీతం అబ్బిన పిల్లవాడిని విజయనగరం పంపడం పక్కింటికి పంపినట్లు ఉండేది. తరువాత అది వేరే రాష్ట్రం, వేరే సర్టిఫికెట్టు. అటు హరిదాసులు మన ఊళ్ళకు రావడం కూడా తగ్గింది. పిలిచే పెద్దలు పోయారు, పిలిచినా విని అర్థం చేసుకునే పిల్లలు తగ్గారు. తెలుగు బళ్ళల్లో పంతుళ్ళ ఖాళీలు నిండక పోవడం గురించి మేము ఎన్నో అర్జీలు పెట్టాము, అది వేరే కథ.

దాసుగారు 1945 జనవరి 2న విజయనగరంలో కన్ను మూశారు. ఎనభై ఏళ్ళు. ఆయన శిష్యులు, ప్రశిష్యులు కోస్తా అంతటా హరికథను నిలబెట్టారు. కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాల 1970ల నుంచి ఆడపిల్లలకు ఉచితంగా హరికథ నేర్పుతోంది. అక్కడ చదువుకున్న భాగవతారిణులు ఇప్పుడు ఊరూరా చెబుతున్నారు. మగవాళ్ళ సొత్తు అనుకున్న గజ్జెలు ఇప్పుడు ఎక్కువగా ఆడవాళ్ళ కాళ్ళకే ఉన్నాయి, ఇది మంచి మార్పు.

మనం చేయగలిగినది

వ్యాసం చదివి 'ఆహా' అనుకుని మూసేస్తే మా శ్రమ దండగ. మా సంఘం కార్యవర్గంలో అనుకున్న సంగతులు కొన్ని ఇక్కడ పెడుతున్నాము.

ఆగస్టు 29 గిడుగు వారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం అని మనం ఏటా జరుపుకుంటూనే ఉన్నాము. రెండు రోజులకే 31న దాసుగారి జయంతి. ఈ రెండూ కలిపి మూడు రోజుల కార్యక్రమంగా చేయాలని ఆలోచన. మొదటి రోజు ఉపన్యాసాలు తగ్గించి, పిల్లల చేత గజేంద్రమోక్షం పద్యాలు చెప్పిస్తాము. తెలుగు లిపి రాని పిల్లలు ఒడియా లిపిలో రాసుకుని చదివినా అభ్యంతరం లేదు. లిపి తరువాత నేర్పుకోవచ్చు, ముందు నోటికి రానివ్వండి. దాసుగారికి కూడా పద్యం ముందు చెవి నుంచే వచ్చింది.

చివరి రోజు ఒక హరికథ. మద్దెల, వయొలిన్, వంతపాటతో సహా బృందాన్ని పిలిపిస్తే దారి ఖర్చు, బస, సంభావన అన్నీ కలిపి నవరాత్రి లైటింగు ఖర్చు కంటే తక్కువే అవుతుందని మా అంచనా. కథకు ముందు అరగంట మన దాసకాఠియా జోడీ ఒకటి పెట్టాలని కొందరు సభ్యులు అన్నారు. మాకు సమ్మతమే. పొరుగువాళ్ళు కూడా వస్తారు, మన పిల్లలకు రెండూ పక్కపక్కన చూసే వీలు దొరుకుతుంది.

ఇంకొకటి. పాత ఇళ్ళలో అటక మీద, దేవుడి గూటి పక్కన, మామ్మగారి ట్రంకు పెట్టెలో హరికథ పుస్తకాలు, చేత్తో రాసుకున్న కీర్తనల నోటుబుక్కులు ఉంటాయి. చెదలు పట్టాయని పాత కాగితాల వాడికి వేసేయకండి. మాకు కబురు చేస్తే ఇంటికే వచ్చి, పేజీ పేజీకి ఫోటో తీసుకుని, పుస్తకం మీకే ఇచ్చేస్తాము. ఛత్రపురం, బరంపురం, రంభ, ఖల్లికోట వైపు పాత కుటుంబాల్లో తాతముత్తాతల నాటి ఉత్తరాలు, డైరీలు ఉన్నా సరే. కచేరీ ఉద్యోగుల ఇళ్ళలో ఖర్చుల పద్దు రాసే అలవాటు ఉండేది. 1880ల నాటి పద్దులో ఎక్కడైనా 'హరికథ దాసుగారికి' అని ఒక రూపాయి ఖర్చు రాసి ఉంటే, ఆ పేజీ మాకు ఒకసారి చూపించండి.